ఇందులో కర్త ఎవరమ్మా?

ఆదివారం సాయంత్రం. మర్నాటి దోసెలకి పప్పు రుబ్బుతున్నాను. గ్రైండర్ హోరుని మించి అరుస్తూ మా అమ్మాయి వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా! ఈ యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ నాకీ జన్మలో రావు. రేపు టెస్టు. ఇరవై వాక్యాలు మార్చుకుని రమ్మన్నారు మా టీచరు."

పదో తరగతి చదువుతున్న పిల్ల. మొహం చూస్తే ఏడుపొక్కటే తక్కువ. నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. పదిదాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. ఇంగ్లీషు గ్రామరు పీరియడ్ అంటే కడుపులో తిప్పేది. 'రామా కిల్డ్ రావణా', 'రావణా వాజ్ కిల్డ్ బై రామా' - ఈ ఒక్క ఉదాహరణ బట్టీపట్టి మా క్లాసంతా గట్టెక్కాం. రావణుడు తప్ప ఇంకెవరు చచ్చినా మాకు పాసివ్ చేయడం వచ్చేది కాదు!

డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నాక గానీ నాకా భయం పోలేదు. భయం పోయాక ఇష్టం మొదలైంది. ఇప్పుడు అడపాదడపా తెలుగులో కథలు రాసుకుంటున్నా, వాక్యం ఎలా నిలబడుతుందో, ఎలా కూలిపోతుందో నేర్పింది మాత్రం ఆ ఇంగ్లీషు గ్రామరే.

గ్రైండర్ ఆపి, చెయ్యి కడుక్కుని, పీట వాల్చుకుని కూర్చున్నాను. ఆ పూట నేను మా అమ్మాయికి నేర్పింది గ్రామరే. కానీ చివరికి పాఠం నేర్చుకున్నది మాత్రం నేను. అదేమిటో మీతో చెప్పుకోవాలనిపించింది.

దోసెతో మొదలుపెట్టాం

"అమ్మ దోసె వేసింది. వేసిందెవరు? అమ్మ. ఆవిడ కర్త, అంటే సబ్జెక్ట్. ఏం వేసింది? దోసె. అది కర్మ, అంటే ఆబ్జెక్ట్. వేసింది అన్నది క్రియ, వెర్బ్. 'మదర్ మేడ్ ఎ దోసా.' కర్త ముందు నిలబడి, పని తనే చేస్తుంటే యాక్టివ్ వాయిస్. మన తెలుగు పుస్తకంలో కర్తరి అంటారే, అదే. ఇప్పుడు దోసెని తెచ్చి ముందు కూర్చోబెట్టు. 'ఎ దోసా వాజ్ మేడ్ బై మదర్.' దోసె అమ్మచేత వేయబడింది. ఇది పాసివ్, కర్మణి."

"వేయబడిందేమిటమ్మా! అలా ఎవరైనా అంటారా?"

"అనరు. అందుకే మనవాళ్ళకి ఈ లెక్క కష్టంగా ఉంటుంది. ఆ 'బడు' పుస్తకాల్లోనూ, అనువాదాల్లోనూ తప్ప మన నోటికి ఎక్కదు. ఇంగ్లీషువాళ్ళకి అది రోజూ మాట్లాడుకునే మాట."

తర్వాత చిట్కా చెప్పాను. మీ ఇంట్లో కూడా పదో తరగతి పిల్లలుంటే పనికొస్తుంది, వినండి. పాసివ్ చేయడానికి మూడే పనులు. మొదట ఆబ్జెక్ట్‌ని ముందుకు తేవాలి. రెండోది 'బి' కుటుంబం నుంచి ఒక మాట తేవాలి. మూడోది, అసలు క్రియని మూడో రూపంలో పెట్టాలి. మేడ్, రిటెన్, ఈటెన్, బ్రోకెన్... ఇలాగన్నమాట. ఈ మూడో రూపం ఏ కాలంలోనైనా మారదు. పప్పు ఒకటే, పోపు మారుతుందంతే! ఆ పోపే 'బి'.

'మేక్స్' అంటే 'ఈజ్ మేడ్'. 'మేడ్' అంటే 'వాజ్ మేడ్'. 'ఈజ్ మేకింగ్' అయితే 'ఈజ్ బీయింగ్ మేడ్'. 'హ్యాజ్ మేడ్' అయితే 'హ్యాజ్ బీన్ మేడ్'. 'విల్ మేక్' అయితే 'విల్ బి మేడ్'. 'కెన్ మేక్' అయితే 'కెన్ బి మేడ్'. చేస్తున్న పని నడుస్తూ ఉంటే 'బీయింగ్', అయిపోతే 'బీన్' అని గుర్తుంటే సగం భయం పోతుంది. ఇక చివర కర్తకి 'బై' తగిలించేటప్పుడు 'ఐ' కాస్తా 'మి' అవుతుంది, 'షి' కాస్తా 'హర్' అవుతుంది, 'దె' కాస్తా 'దెమ్' అవుతుంది.

ఆజ్ఞ అయితే ముందు 'లెట్' వస్తుంది. 'షట్ ద డోర్' అన్నది 'లెట్ ద డోర్ బి షట్' అవుతుంది. 'ప్లీజ్' అని బతిమాలితే 'యు ఆర్ రిక్వెస్టెడ్ టు' అని మొదలుపెట్టాలి. 'హు బ్రోక్ ద గ్లాస్?' అన్న ప్రశ్న 'బై హూమ్ వాజ్ ద గ్లాస్ బ్రోకెన్?' అవుతుంది. అన్నిచోట్లా 'బై' కుదరదు కూడా. 'నోన్ టు', 'సర్‌ప్రైజ్డ్ ఎట్', 'ఫిల్డ్ విత్' లాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

నిద్ర మనకోసం ఇంకొకరు పోలేరు

ఈలోగా మా అమ్మాయి ఒక వాక్యం రాసి చూపించింది. 'ది యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్.'

నవ్వొచ్చింది. ఇది దాని తప్పు కాదు, మనలో చాలామంది చేసే తప్పే. 'హి వాజ్ డైడ్' అనడం ఎన్నిసార్లు వినలేదూ? దీనికి మందు ఒక్కటే. క్రియ దగ్గర నిలబడి 'దేన్ని? ఎవర్ని?' అని అడగాలి. రాసింది. దేన్ని? ఉత్తరాన్ని. జవాబొచ్చింది, కాబట్టి పాసివ్ అవుతుంది. చనిపోయాడు. ఎవర్ని? జవాబు లేదు. జరిగింది. దేన్ని? జవాబు లేదు. జవాబు రాకపోతే ఆబ్జెక్ట్ లేనట్టే. ఆబ్జెక్ట్ లేకపోతే ముందుకు తేవడానికి ఏమీ లేనట్టే. డై, హ్యాపెన్, కమ్, గో, స్లీప్ ఇవన్నీ ఈ బాపతే. 'హి డైడ్', 'ది యాక్సిడెంట్ హ్యాపెన్డ్' అంటే చాలు, మధ్యలో 'వాజ్' అక్ఖర్లేదు.

"అంటే స్లీప్‌కి పాసివ్ లేదా?"

"లేదమ్మలూ. మన నిద్ర మనమే పోవాలి."

పది వాక్యాలు

ఇరవై వాక్యాలూ గంటలో అయిపోయాయి. చివర ఇంకో ప్రశ్న ఉంది. 'మీ ఇంట్లో రోజూ జరిగే పనుల గురించి పాసివ్ వాయిస్‌లో పది వాక్యాలు సొంతంగా రాయండి.' అది రాస్తూ కూర్చుంది. నేను మళ్ళీ గ్రైండర్ దగ్గరికి వెళ్ళాను. పావుగంటలో నోట్సు తెచ్చి నా మొహం ముందు పెట్టింది.

'కాఫీ ఈజ్ మేడ్ ఎట్ ఫైవ్ థర్టీ.' కాఫీ ఐదున్నరకి పెట్టబడుతుంది. 'ది ఫ్రంట్ యార్డ్ ఈజ్ స్వెప్ట్.' వాకిలి ఊడ్వబడుతుంది. 'లంచ్ బాక్సెస్ ఆర్ ప్యాక్డ్.' క్యారేజీలు సర్దబడతాయి. 'యూనిఫామ్స్ ఆర్ ఐరన్డ్.' 'గ్రాండ్‌మాస్ టాబ్లెట్స్ ఆర్ గివెన్ ఆన్ టైమ్.' 'క్లోత్స్ ఆర్ వాష్డ్ అండ్ ఫోల్డెడ్...'

పదికి పదీ తప్పుల్లేవు. టీచరు చూస్తే మెచ్చుకుంటుంది. కానీ నాకేదో వెలితిగా అనిపించి మళ్ళీ చదివాను.

"ఒక్కదాంట్లోనూ 'బై' లేదేమే?"

"అక్ఖర్లేదమ్మా. పుస్తకంలోనే ఉంది చూడు. పని చేసినవాళ్ళెవరో తెలియకపోయినా, అందరికీ తెలిసిందే అయినా, ముఖ్యం కాకపోయినా 'బై' తీసెయ్యొచ్చు."

"మరి నేను ఇందులో ఏ బాపతు? తెలియనిదాన్నా, తెలిసినదాన్నా, ముఖ్యం కానిదాన్నా?"

నవ్వుతూనే అడిగాను. అది మాత్రం కాసేపు పెన్సిలు కొరుకుతూ ఉండిపోయి, "అందరికీ తెలుసు కదమ్మా!" అంది.

నిజమే, అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ చెప్పరు. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఎవరూ చెప్పకపోతే, తెలిసినదానికీ ముఖ్యం కానిదానికీ తేడా మిగులుతుందంటారా?

'వంటయిందా?'

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఇదే ఆలోచన. మన తెలుగులో పాసివ్ లేదని పిల్లకి చెప్పానే, అది పూర్తిగా నిజమేనా?

'బడు' మన నోట రాదు గానీ కర్తని మాయం చేసే విద్య మనకి వేరే ఉంది. "వంటయిందా?" "టిఫినయిందా?" "కాఫీ అయిందా?" ఒక్కసారి గమనించండి. వంట దానంతటదే అవుతుంది మన ఇళ్ళల్లో! 'చేశావా?' అని కాదు, 'అయిందా?' అని అడుగుతారు. ఎండ వచ్చిందా, వాన పడిందా అన్నట్టుగానే వంటయిందా. అడిగేవాళ్ళని అనడం కాదు, నేనూ మా అమ్మని అలాగే అడిగాను. మీరూ అడిగే ఉంటారు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. వంట బాగా కుదిరితే "పప్పు బాగా కుదిరిందే!" అంటారు. అంటే పప్పు ఘనత పప్పుదే. అదే ఉప్పు ఎక్కువైందనుకోండి, "ఉప్పెక్కువ వేశావు!" అని కర్త వెంటనే ప్రత్యక్షం. ఇల్లు శుభ్రంగా ఉంటే 'ఇల్లు శుభ్రంగా ఉంది'. తాళంచెవి కనపడకపోతే 'ఎక్కడ పెట్టావు?' మంచి జరిగితే పాసివ్, చెడు జరిగితే యాక్టివ్. ఈ రూలు ఏ రెన్ అండ్ మార్టిన్‌లోనూ లేదు గానీ నాకు తెలిసిన ఇళ్ళన్నిట్లోనూ ఉంది.

అదే ఇంటాయన సంగతి చూడండి. తాపీమేస్త్రీలు, కూలీలు రాయీ రాయీ పేర్చిన ఇంటిని చూపించి "ఈ ఇల్లు నేను కట్టాను" అంటారు. ఇటుక ముట్టుకోకపోయినా కర్త ఆయనే!

మర్నాడు పొద్దున్న మా అత్తగారితో ఈ మాట అన్నాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "మీరు నయం. మా రోజుల్లో వంటయిందా అని కూడా అడిగేవారు కాదు. వచ్చి పీట మీద కూర్చునేవారు, అంతే. అయ్యే ఉండాలి" అన్నారు.

పుట్టుక నుంచీ ఇదే వరస

ఇంగ్లీషులో ప్రతివాళ్ళకీ వచ్చే మొట్టమొదటి పాసివ్ వాక్యం ఏమిటో తెలుసా? 'ఐ వాజ్ బార్న్.' నేను పుట్టాను అంటాం మనం. కానీ ఇంగ్లీషులో అది 'కనడం' అనే అర్థమున్న 'బేర్' అనే క్రియకి పాసివ్ రూపం. నేను కనబడ్డాను, అంటే ఒకరి చేత కనిపించుకున్నాను అన్నమాట. మరి ఎవరి చేత? 'ఐ వాజ్ బార్న్ ఇన్ తెనాలి', 'ఐ వాజ్ బార్న్ ఇన్ 1987' అని ఊరూ సంవత్సరమూ చెబుతాం. 'బై' మాత్రం ఎవరూ చెప్పరు. తొమ్మిది నెలలు మోసి, పురిటినొప్పులు పడ్డ మనిషి ఆ వాక్యంలో ఉండదు. ఆవిణ్ణి చేర్చి 'బై' పెట్టాలంటే ఇంగ్లీషులో స్పెల్లింగు కూడా మారిపోతుంది, 'బార్న్' చివర ఇంకో అక్షరం చేర్చుకోవాలి. అమ్మ వచ్చి చేరేసరికి మాట రూపమే మారుతుందన్నమాట!

చరిత్రలోనూ ఇంతే. 1848లో పూణేలో ఆడపిల్లల కోసం ఒక బడి 'ప్రారంభించబడింది' అని రాసి ఊరుకుంటే అదొక తారీఖు మాత్రమే. సావిత్రిబాయి ఫూలే, జ్యోతిరావు ఫూలే ప్రారంభించారు అని చెబితేనే అందులో ప్రాణం ఉంటుంది.

మన రాజమండ్రి సంగతే తీసుకోండి. 1881 డిసెంబరులో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. మనందరం చదువుకున్నాం. ఊరు వెలివేస్తానంటే వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ భయపడి రాకపోతే, గోదావరి నుంచి నీళ్ళు మోసి, వంట చేసి పెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. 'మొదటి వితంతు వివాహం జరిగింది' అన్నప్పుడు ఇద్దరూ మాయం. 'వీరేశలింగంగారు జరిపించారు' అన్నప్పుడు ఒకరు కనపడతారు. రెండోవారు కనపడాలంటే మరో వాక్యం రాయాలి. ఆ వాక్యం రాసే ఓపిక మనకుండాలి.

పెద్దపెద్దవాళ్ళకి కూడా ఈ పాసివ్ మంచి గొడుగు. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరాన్‌కి ఆయుధాలమ్మిన వ్యవహారం బయటపడ్డాక తమ పార్లమెంటు ముందు మాట్లాడుతూ, తీవ్రమైన తప్పులు 'చేయబడ్డాయి' అన్నారు. ఎవరు చేశారు? ఆ వాక్యంలో లేదు. జార్జ్ ఆర్వెల్ అనే ఇంగ్లీషు రచయిత 1946లోనే, యాక్టివ్ వీలైనచోట పాసివ్ వాడొద్దని రాసేవాళ్ళకి చెప్పిన రూలు ఇందుకే ఇప్పటికీ గుర్తుంది జనానికి.

మన ఆఫీసు కాగితాలు చూడండి. 'ఇందుమూలముగా తెలియజేయడమైనది', 'చర్య తీసుకొనబడును'. తెలియజేసిందెవరు, తీసుకునేదెవరు? దేవుడికే ఎరుక. పేపర్లో ఆడవాళ్ళ వార్తలూ అంతే. 'యువతి వేధింపులకు గురైంది', 'మోసపోయింది', 'మహిళపై దాడి జరిగింది'. చేసినవాడు వాక్యంలోంచి గోడ దూకి పారిపోతాడు. బాధపడ్డ పిల్ల ఒక్కతే మధ్యలో నిలబడుతుంది, తప్పంతా తనదే అయినట్టు.

పాసివ్ పాపమేమీ కాదు

ఇంత చెప్పానని పాసివ్ మీద కత్తికట్టకండి. దాని పనీ దానికుంది. బస్సులో పర్సు పోయింది. ఎవరు తీశారో తెలీదు. 'మై పర్స్ వాజ్ స్టోలెన్' అనక తప్పదు. సైన్సు రికార్డులో 'ద సొల్యూషన్ వాజ్ హీటెడ్' అని రాస్తారు. అక్కడ వేడి చేసిన పిల్ల కాదు, వేడెక్కిన ద్రావణం ముఖ్యం. ఒక్కోసారి కర్తని చివర పెట్టి ఘనంగా చూపించడానికి కూడా పాసివ్వే మేలు. 'రేడియమ్ వాజ్ డిస్కవర్డ్ ఇన్ 1898 బై మేరీ అండ్ పియర్ క్యూరీ' అన్నామనుకోండి, వాక్యం చివరికి వచ్చేసరికి పేర్లు గంట కొట్టినట్టు వినపడతాయి.

అలాగే మన రాజ్యాంగం పీఠిక చూడండి. రాజ్యాంగం 1949 నవంబరు 26న ఆమోదించబడింది అని పాఠాల్లో చదువుతాం. కానీ పీఠిక మాత్రం యాక్టివ్‌లో ఉంది. అందులో కర్త ప్రజలు, అంటే మీరూ నేనూ. మనకి మనమే ఇచ్చుకున్నామని అందులో ఉంది. ఎవరో ఇవ్వగా పుచ్చుకున్నామని లేదు.

కాబట్టి తేల్చుకోవాల్సింది ఏ వాయిస్ గొప్పది అని కాదు. 'బై' తీసేసేటప్పుడు ఎవర్ని తీసేస్తున్నామో తెలిసి తీసేస్తున్నామా, అని.

అట్టపెట్టెలో కాగితం

టెస్టులో మా అమ్మాయికి ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. ఆ హుషారులో నా పాత గ్రామరు పుస్తకం కావాలంటూ బీరువా మీది అట్టపెట్టె దింపింది. పుస్తకంతోబాటు మడత పెట్టిన కాగితం ఒకటి జారిపడింది. 2007లో యూనివర్సిటీ నుంచి వచ్చింది. ఎం.ఏ. ఇంగ్లీషులో సీటు వచ్చింది, ఫలానా తారీఖున సర్టిఫికెట్లు తెచ్చి చేరమని.

"అమ్మా! నీకు ఎం.ఏ. సీటొచ్చిందా? మరి చదవలేదేం?"

"సంబంధం వచ్చింది, పెళ్ళయింది. చదువు ఆగిపోయింది" అన్నాను మామూలుగా. ఇన్నేళ్ళుగా ఎవరడిగినా అదే జవాబు.

అది నా మొహంలోకి చూసి అంది. "ఇందులో కర్త ఎవరమ్మా? ఎవరు ఆపారు?"

నాకు నోట మాట రాలేదు.

సంబంధం వచ్చింది. పెళ్ళయింది. చదువు ఆగిపోయింది. మూడు వాక్యాలు. మూడింట్లోనూ మనిషన్నవాడు లేడు. కథలు రాసుకునేదాన్ని, నా సొంత కథకే కర్త లేకుండా పద్ధెనిమిదేళ్ళు నెట్టుకొచ్చానన్నమాట!

ఆ రాత్రి ఒక కాగితం తీసుకుని ఆ మూడు వాక్యాలనీ యాక్టివ్‌లోకి మార్చడానికి కూర్చున్నాను. 'నాన్న చదువు మాన్పించారు' అని రాశాను. కొట్టేశాను. నాన్న అలా అనలేదు. 'పెళ్ళయ్యాక చదువుకోవచ్చులే' అన్నారు. 'అత్తవారు వద్దన్నారు' అని రాశాను. అదీ కొట్టేశాను. వాళ్ళు వద్దనలేదు, అసలు వాళ్ళకా సంగతే తెలీదు. చివరికి మిగిలిన వాక్యాలు ఇవి. 'నాన్న సంబంధం కుదిర్చారు. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. నేను ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టేశాను.'

చివరి వాక్యం రాస్తున్నప్పుడు చెయ్యి వణికింది. కానీ రాశాక మనసు తేలికపడింది. 'ఆగిపోయిన' చదువుకి నేనేం చేయగలను? అది నా ఖర్మ అనుకుని ఊరుకోవడమే. నేను 'మడిచి పెట్టిన' కాగితాన్నయితే, మళ్ళీ నేనే విప్పవచ్చు కదా! వ్యాకరణంలో కర్మగా ఉన్నవాళ్ళకే జీవితంలో ఖర్మ అన్న మాట తేలిగ్గా నోటికొస్తుందేమో.

'అనుకున్నాం' అంటే ఎవరు?

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది.

మా ఇంట్లో కొన్నాళ్ళుగా "అమ్మాయికి ఎం.పి.సి. అనుకున్నాం" అనే మాట తిరుగుతోంది. మావారు ఫోన్లో వాళ్ళ తమ్ముడితో అన్నారు. నేను పక్కింటావిడతో అన్నాను. మా అత్తగారు గుళ్ళో ఎవరితోనో అన్నారు. కాలేజీ కూడా 'ఖాయమైపోయింది'. సంబంధం వచ్చింది, పెళ్ళయింది అన్నట్టే ఉంది కదూ, ఈ ఖాయమైపోవడం? కర్త లేని వాక్యం ఒకటి నా చదువు మీదినుంచి నడిచి వెళ్ళి, ఇప్పుడు నా కూతురి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. తలుపు తీసి పట్టుకున్నదాన్ని నేనే.

మర్నాడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నాను. "నీ ఇంటర్ గురించి ఒక వాక్యం చెప్పు. యాక్టివ్‌లో చెప్పాలి. కర్త 'నేను' కావాలి."

చాలాసేపు గోళ్ళు గిల్లుకుంది. తర్వాత నెమ్మదిగా, "నాకు లెక్కలు వస్తాయమ్మా. కానీ నాకు హిస్టరీ ఇష్టం. నేను హెచ్.ఇ.సి. చదువుతాను" అంది. ఆ మాట అన్నాక తనే భయపడి గుమ్మం వైపు చూసింది.

రాత్రి భోజనాల దగ్గర నేనే ఎత్తాను. మావారి చెయ్యి ముద్ద మీద ఆగింది.

"హెచ్.ఇ.సి. ఏమిటి? ఎం.పి.సి. అని అనుకున్నాం కదా?"

"ఎవరం అనుకున్నాం?"

"మనమే."

"మనమంటే మీరూ నేనూనా, అదికూడానా?"

ఇంగ్లీషులో ఈ ప్రశ్న అడగడం కుదరదు, వాళ్ళకి రెండిటికీ ఒక్క 'వి'యే. మన తెలుగు మాత్రం ఎంత గడుసుదో చూడండి. ఎదుటివాళ్ళని కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'. ఇన్నాళ్ళూ మేము 'మనం' అంటూ 'మేము'గానే అనుకున్నాం.

ఆయన వెంటనే ఏమీ అనలేదు. "ఉద్యోగాలెక్కడున్నాయి దాంట్లో?" అన్నారు. ఆ భయం నాకూ ఉంది, లేదని బుకాయించను. ఇంజనీరింగ్ చదివినవాళ్ళనే చూస్తున్నాం కదా అని నేను, అందుకేగా భయం అని ఆయన. చేతులెండిపోయేదాకా మాట్లాడుకున్నాం. చివరికి ఆయన కూతురి వైపు తిరిగి, "సరే, సెలవుల్లో ముగ్గురం కూర్చుందాం. నువ్వెందుకు చదువుతానంటున్నావో నాకు చెప్పు. నేను వింటాను" అన్నారు.

ఏమీ తేలలేదు, నిజమే. కానీ లెక్కపెట్టి చూస్తే ఆయన అన్న మూడు వాక్యాల్లోనూ కర్త ఉన్నాడు. ఒకదాంట్లో ముగ్గురం ఉన్నాం, ఒకదాంట్లో అది ఉంది, ఒకదాంట్లో ఆయన ఉన్నారు. పరీక్షల్లో పంతొమ్మిది మార్కులొచ్చినప్పటికంటే ఎక్కువ వెలిగింది మా అమ్మాయి మొహం.

నేనూ ఒక వాక్యం రాసుకున్నాను. 'నేను ఈ ఏడాది దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషుకి దరఖాస్తు పెడతాను.' మన హైదరాబాదులో 1982 నుంచీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో ఉంది. ఢిల్లీలో ఇందిరాగాంధీ పేరుతో 1985 నుంచీ ఇంకోటి ఉంది. ఇల్లు కదలకుండా చదువుకోవాలనుకునే నాలాంటివాళ్ళ కోసమే కదా అవి పెట్టింది!

నిన్న పొద్దున్న సంగతి చెప్పి ముగిస్తాను. మావారు స్నానం చేసి వచ్చి, అలవాటు కొద్దీ వంటింట్లోకి తొంగిచూసి, "టిఫినయిందా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే హాల్లోంచి మా అత్తగారు అందుకున్నారు. "దానంతటదే ఎలా అవుతుందిరా? అమ్మాయి చేస్తోంది, కనపట్టల్లా? ఆ చట్నీలో పోపు నువ్వు పెట్టు."